కొత్త చీరల బొంత

"పాత చీరలతో కుట్టారు. పచ్చి మోసం. ఎవరూ కొనకండి."

ఎస్తేర్ ఫోన్‌లో చూసి మరోసారి చదివింది. ఆ మాటల పక్కన ఒకే ఒక్క స్టార్.

అత్త మారెమ్మ చేతిలోని సూది పక్కన పెట్టింది. "బొంత పాత చీరలతోని కాకపోతే దేనితోని కుడుతరే? నూలు చీర ఏండ్లకేండ్లు ఒంటిమీద నలిగితెనే గద మెత్తగయ్యేది!"

"ఫొటో కింద గదే రాసినం అత్తమ్మ. పాత నూలు చీరలు, చేతి కుట్టు అని."

"మరి కొన్నామె సదవకుంటనే కొన్నదా?"

"సదివినోళ్లు గిట్ల రాస్తరా?"

చిన్నమంగళారంలో వాళ్ల రేకుల ఇంటి ముందు జరుగుతున్న గోల ఇది. ఆన్‌లైన్‌లో, ఒక యాప్ మీద బొంతల షాపు పెట్టుకున్నారు. ముందు కొన్నవాళ్లంతా ఐదేసి స్టార్లు ఇచ్చారు. ఈ ఒక్క స్టార్ పడ్డ రోజు నుంచి ఆర్డర్ లేదు. షాపు మూతపడితే ఎస్తేర్ మళ్లీ పూల షెడ్లలో కూలికి పోవాలి. అక్కడ కొట్టే మందుకు పట్టిన దగ్గు ఇప్పుడిప్పుడే తగ్గుతోంది.

యాప్‌కు ఫిర్యాదు పెట్టింది. జవాబు రెప్పపాటులో వచ్చింది. మనిషన్నవాడు రాసింది కాదు. "కస్టమర్ అభిప్రాయాన్ని తొలగించలేం. కస్టమర్‌ను సంతోషపెట్టండి."

పార్సిల్ పంపిన అడ్రసు ప్రకారం కస్టమర్ ఉండేది జన్వాడలో, ఒక ఫాంహౌస్‌లో. అత్తను తీసుకొని ఎస్తేర్ ఆటో ఎక్కింది.

గేటు దాటగానే వరండాలో బొంత కనిపించింది. వాళ్లదే. మారెమ్మ పెళ్లిచీర ఎర్రంచు ముక్క మూలన అలాగే ఉంది. దాని మీద దూడంత కుక్క ఒకటి కాళ్లు చాపి నిద్రపోతోంది. బొంత కొన్న మేడం లోపలినుంచి వచ్చింది.

"మేడం, బొంత అంటెనే పాత చీరలతోని..."

"చూడమ్మా, ఎవరో కట్టి విడిచిన బట్టలు మాకెలా అమ్ముతారు? హైజీన్ అనేది ఉండదా?"

"ఉడకబెట్టి, ఉతికి, ఎండేసినంకనే కుట్టినం మేడం."

"నా డబ్బు, నా అభిప్రాయం. రాసుకున్నాను."

"నచ్చకపోతే వాపస్ ఇయ్యుండ్రి. పైసలు మొత్తం ఇచ్చేస్తం. జర ఆ స్టార్ ఒక్కటి తీసెయ్యుండ్రి."

మేడం కుక్కవైపు చూసింది. "వాపసు ఎలా కుదురుతుంది? బ్రూనో దాని మీద తప్ప పడుకోవట్లేదు. వాడికి పెద్ద బెడ్ కొన్నాం, అటు వెళ్లనే వెళ్లడు."

"అంటే కుక్కకున్న ఎరుక..." అని మారెమ్మ మొదలుపెట్టింది. ఎస్తేర్ ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. మాట సగంలో ఆగిపోయింది.

మేడం విన్నదో లేదో. "ఒక పని చెయ్యండి. పూర్తిగా కొత్త బట్టతో ఇంకోటి కుట్టి తీసుకురండి. ఫైవ్ స్టార్స్ ఇస్తాను. నేనేం చెడ్డదాన్ని కాదు."

తప్పు చెయ్యనివాళ్లు బతిమాలాలి. తప్పు రాసినవాళ్లు దయ చూపాలి. యాప్‌లో వ్యాపారమంటే ఇంతే.

కొత్త బట్ట ఎక్కడినుంచి తెస్తారు? బీరువాలో మూడు నూలు చీరలున్నాయి. క్రిస్మస్‌కని ఎస్తేర్ భర్త ఎజ్రా తెచ్చాడు. తల్లికొకటి, భార్యకొకటి, చెల్లెలికొకటి. ఇంకా మడత విప్పలేదు.

ఎస్తేర్ కత్తెర తీసింది.

"పండుగనాడు చర్చికి ఏం కట్టుకొని పోతం?" అంది మారెమ్మ.

"పాతయి ఉన్నయి గద అత్తమ్మ."

"పాతయి మనకు, కొత్తయి ఆమెకు. మల్ల మోసగాళ్లం మనమే!"

"షెడ్లకు పొమ్మంటవా నన్ను?"

మారెమ్మ సూది తీసుకుంది. సూదిలో దారం ఎక్కించింది. గంజి వదలని కొత్త బట్టలో సూది దిగలేదు. రెండు సూదులు విరిగాయి. వేలు చీరుకుపోయింది. గుడ్డపేలిక చుట్టుకొని కుట్టింది. తిడుతూనే కుట్టింది.

పండుగ దగ్గర పడ్డాక అత్తాకోడళ్లు మళ్లీ ఆటో ఎక్కి బొంత ఇచ్చి వచ్చారు. మేడం అటూ ఇటూ తిప్పి చూసింది. కొంచెం గరుకుగా ఉందన్నది. అయినా తీసుకుంది. పాత బొంత మీద నుంచి బ్రూనో లేవనే లేదు.

క్రిస్మస్ రోజు ఆరాధన ముగిసింది. పాత చీరల్లోనే ఇద్దరూ చర్చి బయటికి వచ్చారు. ఎస్తేర్ ఫోన్ మోగింది.

"అత్తమ్మా! ఐదు ఇచ్చింది! మేడం ఐదు స్టార్లు ఇచ్చింది!"

మారెమ్మ చుట్టిన వేలితోనే కళ్లు తుడుచుకుంది. "దేవునికి స్తోత్రం. పోనీ తియ్ బిడ్డ, మాట మీద నిలవడ్డది."

ఫోన్ మళ్లీ మోగింది. మళ్లీ. ఆగకుండా మళ్లీ.

"ఆర్డర్లు పడుతున్నట్టున్నయి, చూడు చూడు!" అంది మారెమ్మ.

ఎస్తేర్ చూసింది. ఆర్డర్లు కావు. అంతకుముందు ఐదేసి స్టార్లు ఇచ్చినవాళ్లే. ఒక్కొక్కరే వాటిని ఒకటికి మార్చుకుంటున్నారు.

"ఎందుకే? ఏమైందే వీళ్లకు?"

ఎస్తేర్ వేలు మేడం రాసిన మాటల మీదికి వెళ్లి ఆగింది. అత్తకు వినబడేలా పైకి చదివింది.

"చాలా మంచి షాపు. మీరూ ఒక్క స్టార్ ఇచ్చి చూడండి, కొత్త చీరలతో ఇంకో బొంత కుట్టి, ఫ్రీగా ఇంటికే తెచ్చి ఇస్తారు!"