చిలకపచ్చ వంటిల్లు

"ముందు ఆ నిచ్చెన దిగే! కాలు జారి గచ్చు మీద పడితే నడుమిరుగుతది. ఎవరెత్తుకపోవాలె నిన్ను దవాఖానకు?"

గుమ్మంలో చెప్పులైనా విడవకముందే రాజక్క అరిచింది. నిచ్చెన మీదున్న విద్య వెనక్కి తిరిగి నవ్వింది. చేతిలో బ్రష్షు, ముక్కు మీద చిలకపచ్చ చుక్క.

"వచ్చినవా అమ్మా! రైలు లేటయిందా?"

"రైలు సంగతి తర్వాత. దిగు ముందు."

విరూర్‌లో రైలెక్కింది మొదలు రాజక్కకు ఒకటే బెంగ. పిల్ల సరిగ్గా తింటున్నదో లేదో, కొత్త అత్త ఎలాంటిదో, రాత్రిళ్ళు ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నదో ఏమో. చంద్రాపూర్ స్టేషన్ నుంచి బాబుపేట్ దాకా ఆటోలోనూ అవే ఆలోచనలు. తీరా వచ్చి చూస్తే పిల్ల బుగ్గలు నిండి, ముఖం కళకళలాడుతోంది. సంతోషపడాల్సింది పోయి రాజక్క ముఖం తిప్పుకుని గోడలు చూసింది.

వంటిల్లంతా పచ్చదనమే. గోడలకు చిలకపచ్చ. అలమార తలుపులకు తడి నాచు రంగు. పొయ్యి పెట్టే గట్టు, ఓటా వెనక పలకలేమో లేత పెసర రంగు. డబ్బాల మూతలూ, కిటికీ పరదా, ఆఖరికి గిన్నెలు దించే మసిగుడ్డ కూడా ఆకుపచ్చే.

"ఇదేం వంటిల్లే, వరి మడిల కూసోని వండుకున్నట్టున్నది," అంది రాజక్క.

వెనక గదిలోంచి విద్య భర్త వినాయక్ తల్లి చంద్రకళ చాయ్ కప్పులతో వచ్చింది. "రా వదినా! రంగులు నేనే ఏరిన. పిల్లకు పచ్చ రంగంటే పానమట గద. నీకెరుకే ఉంటది."

రాజక్కకు ఎరుక లేదు. చాయ్ కప్పు కింద పెట్టింది.

"ఎప్పటిసందే నీకు పచ్చ ఇష్టం?"

"చిన్నప్పటిసందేనమ్మా."

"మరి నాకెన్నడు చెప్పలేదేంది?"

"నువ్వెన్నడు అడగలె గద," అంది విద్య నవ్వుతూనే. ఆ మాటలో ముల్లేమీ లేదు. అయినా రాజక్కకు గుచ్చుకుంది.

విరూర్ ఇంట్లో గోడలు పొగకు నల్లబడిపోయాయి. ఆ నలుపులోనే విద్య ఇన్నేళ్ళూ జొన్నరొట్టెలు కొట్టింది. నీకే రంగు కావాలే అని రాజక్క ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. నిన్నగాక మొన్న వచ్చిన ఈ చంద్రకళ అడిగింది. అడిగి, ఆ రంగు గోడలకెక్కించింది.

రాజక్క సంచి విప్పి చింతకాయ తొక్కు తీసింది. చంద్రకళ మూత తీసి వాసన చూసి, "ఆహా!" అంటూనే దాన్ని పచ్చమూత సీసాలోకి మార్చేసింది. పాత స్టీలు డబ్బా కడిగి రాజక్క చేతికిచ్చింది. ఇంటికి పొమ్మన్నట్టే అనిపించింది.

"పొయ్యికాడ గా పరదా ఏంది? అంటుకుంటే ఇల్లంత బుగ్గయితది," అంది రాజక్క.

"తీసేద్దాం తియ్ వదినా. నువ్వు చెప్పినంక ఉంచుతమా?"

జగడానికి కూడా చోటివ్వదు ఈ మనిషి!

"అమ్మా, గా గుడ్డ ఇటియ్యి," అంది విద్య, నిచ్చెన మీది నుంచే. రాజక్క గబుక్కున లేచి గుడ్డ అందుకుంది. అప్పటికే చంద్రకళ ఇంకో గుడ్డ చేతికిచ్చేసింది. విద్య పిలిచింది ఎవరిని? రాజక్క అడగలేదు. పట్టుకున్న గుడ్డతో తుడిచిన ఓటానే మళ్ళీ తుడిచింది. పొద్దున చేనుకు పోతూ మొగుడు లచ్చయ్య చెప్పనే చెప్పాడు, 'పోయినకాడ నోరు జారకు, పిల్ల సంసారం పిల్లది' అని.

బజారు నుంచి వచ్చిన వినాయక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏక్ నంబర్! ఎట్లున్నది అత్తమ్మా? రేపు కోతులొచ్చి తోటనుకుంటయి."

"నువ్వున్నవ్ గదరా, వేరే కోతులెందుకు?" అంది చంద్రకళ. విద్య పడీపడీ నవ్వింది. ఆ నవ్వు రాజక్క విని చాలా కాలమైంది. తన ఇంట్లో రాని నవ్వు ఈ ఇంట్లో ఎట్లా వచ్చింది?

"నేను సాయంత్రం బండికి పోత," అంది సంచి మడుస్తూ.

"ఆగు వదినా. నువ్వొస్తవనే ఆపిన." చంద్రకళ కొడుకు చేతిలోని కాగితం పొట్లం అందుకుని విప్పింది. ఆకుపచ్చ గాజులు. "ఆపీసుల సంతకాల పెండ్లాయె, గాజుల ముచ్చటే తీరలె. ఇక్కడ మరాఠోళ్ళు కొత్త పెండ్లిపిల్లకు పచ్చగాజులే తొడుగుతరు. నాకూ ఆశైంది."

"తొడుగు మరి. అన్నీ నువ్వే జేసినవ్, గదొక్కటెందుకు మిగలాలె?"

"అట్లెట్లయితది? పిల్లనిచ్చినోళ్ళు తొడిగినంకనే నేను."

రాజక్క గోడ దాకా వెనక్కి జరిగింది. తడి రంగు వీపుకంటుకున్నా చూసుకోలేదు. "వద్దొద్దు. నా చెయ్యి మంచిది గాదు. ఏమన్నయితే?"

విద్య నిచ్చెన దిగింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, రెండూ రాజక్క ముందు చాపింది.

"నువ్వు తొడిగితేనే తొడుక్కుంటనమ్మా. లేకుంటే వాపసియ్యి."

రాజక్క చంద్రకళ వైపు చూసింది. చంద్రకళ పీట వాల్చింది. రాజక్క, విద్య ఎదురుబొదురుగా కూర్చున్నారు. రాజక్క ఆ వేళ్ళను దగ్గరికి కూర్చి, మెల్లగా నొక్కి, ఒక్కొక్క గాజే ఎక్కించింది. ఒక్కటీ చిట్లలేదు.

తన కొడుకు పోయిన నాడు విద్య చేతుల గాజులు తీసింది తనే.