ఆరో ఇంటి గూన

"మేడం, దొంగ దొరికిండు!"

కొత్తగా చేరిన వాచ్‌మన్ పెంటయ్య ఫోన్‌లో అరిచిన అరుపుకు, రేవతి బడంగ్‌పేట్ నుంచి మంఖాల్‌కు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

తీరా చూస్తే ఆ దొంగకు డెబ్బై అయిదేళ్ళు. పేరు ప్రేమయ్య. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. చేతిలో గోనెసంచి, సంచి నిండా గూన పెంకులు.

"ఎక్కడివండీ ఇవి?"

"గా కూలిన ఇండ్లల్ల ఏరిన, బిడ్డా."

"ఎక్కడికి పట్టుకెళ్తున్నారు?"

"యాడికి లేదు. గా ఇంటికే."

ముసలాయన చెయ్యెత్తి ఎదురుగా ఉన్న ఇంటిని చూపించాడు. రేవతికి ఒళ్ళు మండింది.

ఎప్పుడో రోడ్డుకు రాయి కొట్టిన కూలీల కోసం కట్టిన ఆరిళ్ళ వరుస అది. రాతి గోడలు, డంగు సున్నం, పైన గూన. అయిదిళ్ళు కూలిపోయాయి. మొదటిది మాత్రం నిలిచింది. పాత కట్టడాలను కాపాడే సంస్థ ఒకటి రేవతిని పంపితే, ఆమె రెండు నెలలు అంగుళం అంగుళం కొలిచి నివేదిక రాసింది. 'ఏ మరమ్మతూ లేకుండానే ఇన్నేళ్ళు నిలిచిన ఇల్లు' అని రాసి, కింద గీత కూడా గీసింది.

వానాకాలం పోయాక కమిటీ వచ్చి చూస్తుంది. అప్పటికి ఇల్లు నిలబడి ఉంటే కాపాడతారు. లేకపోతే అంతా చదును చేసి ప్లాట్లు వేస్తారు.

"పెద్దాయనా, ఒక్క పెంకు కదిలినా నేను సమాధానం చెప్పుకోవాలి."

"మిర్గం కార్తె వస్తున్నది బిడ్డా. వానలు పడకముందే జర గూన సర్దాలె."

అప్పుడే ఒక విమానం నెత్తిమీంచి దిగుతూ పోయింది. ఇంటిపైన గూన గలగలమంది.

"ఇన్నవా? గిట్లనే జారుతది."

"మీరేం సర్దక్కర్లేదండీ. ఇంజనీర్లు వచ్చి చూసుకుంటారు. ఫైలు వెళ్ళింది."

"ఫైలు వచ్చేదాంక వాన ఆగుతదా, తల్లీ?"

పెంటయ్య కిసుక్కున నవ్వాడు. రేవతి నవ్వలేదు.

చెడ్డపిల్లేం కాదు రేవతి. చేసిందంతా ఆ ఇంటిమీద ప్రేమతోనే. చుట్టూ కంచె వేయించింది, గేటుకు తాళం వేయించింది. లోపల గోడవారన కొత్తగా కనబడ్డ నిచ్చెనను చూసి, "ఇదెవరిది?" అంది.

"నాదే బిడ్డా. ఉంచుకో, పనికొస్తది," అన్నాడు కంచె అవతలి నుంచి ప్రేమయ్య.

ఆ తర్వాత నాలుగైదు రోజులు ప్రేమయ్య వచ్చి, కంచె బయట నిలబడి, పైకప్పు చూసి వెళ్ళిపోయేవాడు. తర్వాత రావడం మానేశాడు.

మిర్గం వచ్చింది. ఫైలు రాలేదు.

మూడో వానకే ఇల్లంతా నీళ్ళు. వెనక గోడ సున్నం మెత్తబడి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. రేవతి ఇక ఫైలు కోసం ఆగలేదు. ఆ నిచ్చెనే వేసుకుని పైకెక్కింది, జారిన గూన తీసి కిందికి అందించసాగింది.

"మేడం, గిదేంది? ఎనకదిక్కు గుర్తులున్నయ్!" అన్నాడు పెంటయ్య.

పెంకుల లోపలివైపు, దింపితే తప్ప కనబడని చోట, మేకుతో గీకిన గుర్తులు. ఒకదానిమీద చుక్క, ఒకదానిమీద నెలవంక, ఒకదానిమీద రెండు గీతలు. సగానికి పైగా పెంకులమీద సిలువ.

"మా ఊర్ల గూడ గిట్లనే. మిర్గానికి ముందు వాడంత ఒక్కదినమే గూన దింపి సర్దేది. కలిసిపోకుండ ఎవరింటి గుర్తు వాళ్ళు గీసుకునేది."

రేవతి ఒక్కొక్కటే తిప్పి లెక్కపెట్టింది. ఒక ఇంటిమీద ఆరిళ్ళ గుర్తులు! ఏ మరమ్మతూ లేకుండా నిలిచిందట! తను గీసిన గీత గుర్తొచ్చి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అడుగుతూ అడుగుతూ ప్రేమయ్య ఇంటికి వెళ్ళింది. కూతురు ఎవాంజెలిన్ తలుపు తీసింది. దవాఖానలో నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది. రేవతి తానెవరో చెప్పి, పెద్దాయన కోసం వచ్చానంది.

"బాపు పోయి పదకొండు దినాలయింది మేడం. జరమొచ్చి పోయిండు."

రేవతి చెప్పులు విప్పబోయి ఆగిపోయింది.

"మబ్బు పట్టినప్పుడల్ల గా గూన ముచ్చటే. మీ మీద కోపమేం లేకుండె. 'గా పిల్లకు గూడ ఇల్లంటే పాణమే' అనేటోడు."

ఆ మాటకు రేవతి గుమ్మంలోనే ఏడ్చేసింది.

ఎవాంజెలిన్ మంచినీళ్ళిచ్చింది. ఆమె తాగేదాకా ఆగి అడిగింది.

"నిచ్చెన ఉందా?"

"ఉంది. ఆయనే ఉంచుకోమన్నారు."

"అయితె పోదాం పాండ్రి. ఏటేటా బాపుకు పెంకులందించింది నేనే. సర్దుడు నాకొస్తది."

సాయంత్రం దాకా ఎవాంజెలిన్ పైన కూర్చుని గూన సర్దింది. ఈసారి పెంకులు అందించింది రేవతి. సిలువ గుర్తున్నవన్నీ విడిగా ఏరి తుడిచి ఇచ్చింది.

"ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే నేను తాళం వేసేదాన్నా అండీ? ఇది తను పుట్టిన ఇల్లని..."

ఎవాంజెలిన్ చెయ్యి ఆగింది.

"గిది మాది కాదు మేడం. ముత్తమ్మ అవ్వది. ఆమెకు ఎనకాముందు ఎవరు లేకుండె. గోడలు గట్టిగున్నది గీ ఒక్క ఇంటికే. 'ఆరు నిలబెట్టుడు నాతోని కాదు, ఒక్కటన్న ఉంటే మనం ఈడ బతికినట్టు తెలుస్తది' అనేటోడు బాపు."

"మరి ఈ సిలువ గుర్తు?"

ఎవాంజెలిన్ వరుస చివర గడ్డి మొలిచిన రాళ్ళకుప్ప వైపు చూసింది.

"గుర్తు మాదే. గా ఆరో ఇల్లు మాది. దాని గూనంత మా బాపే తన చేతులతోని దింపి గీ ఇంటిమీద కప్పిండు. గా యేడు వానలకే మా ఇల్లు కూలింది."