పక్క సీటు బెల్టు

కారు బుక్ చేసేటప్పుడు అలవాటు కొద్దీ ఇద్దరమని పెట్టేశాను. ఎయిర్‌పోర్టు బయట డ్రైవరు నా వెనక్కి తొంగిచూసి, "ఇంకొకరు రావాలి కదండీ?" అన్నాడు.

"లేదండీ, పొరపాటున పెట్టాను. నేనొక్కదాన్నే."

అమ్మ పోయాక ఇదే నా మొదటి ప్రయాణం. ఇంతకుముందు ఎప్పుడు వచ్చినా వెనక సీట్లో ఎడమవైపు అమ్మ, కుడివైపు నేను.

కారు చీకట్లోకి కదలగానే టింగు టింగుమని మోత మొదలైంది. ఎవరో బెల్టు పెట్టుకోలేదని దానర్థం. నేను పెట్టుకునే ఉన్నాను. పెట్టె డిక్కీలో ఉంది, సంచీ నా ఒళ్లో ఉంది.

"పక్క సీటుది కూడా పెట్టేయండి మేడమ్, లేకపోతే దారంతా బుర్ర తినేస్తుంది" అన్నాడు డ్రైవరు.

ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి బిగించాను. మోత ఆగింది. ఆ తర్వాత చాలాసేపు టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

అమ్మకి అన్నిటికీ తొందరే. మా వీధి మలుపు వచ్చిందంటే చాలు, బెల్టు తీసేసి కాళ్లతో చెప్పులు వెతుక్కునేది. ప్రతిసారీ కసురుకునేదాన్ని.

మలుపు తిరిగాం. పక్కన బెల్టు టక్కుమని ఊడింది.

"బండి ఆగనీ అమ్మా, ఏమిటా తొందర!" అనేశాను.

మోత మళ్లీ మొదలైంది. డ్రైవరు వేగం తగ్గించాడు. నా రెండు చేతులూ సంచీ మీదే ఉన్నాయి. నేను పక్కకి తిరగలేదు. తిరిగితే ఆ సీటు ఖాళీగా ఉంటుందేమోనని నా భయం.