నిలబడితే వేడి

"రన్నింగ్‌లో వేడెక్కుతుందా?" బానెట్ కింద తల దూర్చిన మెకానిక్ అడిగాడు.

"రన్నింగ్‌లో ఇంతవరకూ ఒక్కసారి కూడా వేడెక్కలేదు" అన్నాడు వాచీల మాస్టారు. "నిలబెట్టి ఇంజను ఆన్‌లో ఉంచితేనే. అరగంట తిరక్కుండా ముల్లు ఎర్రగీత దాటేస్తుంది."

వాచీల మాస్టారంటే వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన. చీమ తలకాయంత స్క్రూని కూడా ఒక్క పట్టులో బిగించే చెయ్యి. అలాంటి నెమ్మదైన మనిషికి యాభై ఎనిమిదో ఏట ఏ గాలి సోకిందో గానీ, ఎవరో వాడి వదిలేసిన ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఐదు నెలల కిందట బ్రోకరు దాన్ని తెచ్చి ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టి, తాళాలిచ్చి వెళ్ళిన రోజు మాస్టారు భోజనం కూడా అందులోనే కూర్చుని చేశాడు.

మెకానిక్ వస్తున్నాడని ఇవాళ కారు కవరు తీసి, ఇస్త్రీ చీరలా మడతపెట్టి స్టూలు మీద ఉంచాడు. కారు తళతళలాడుతోంది.

వంటింటి గుమ్మంలోంచి మాస్టారి భార్య తొంగిచూసింది. ఆవిడ నర్సు. రెండింటికి డ్యూటీ.

"రోగం దొరికిందా బాబూ?"

"చూస్తున్నానమ్మా."

"నేనటు డ్యూటీకి వెళ్ళగానే ఈయన ఇటు షికారు! తిరిగొచ్చి చూస్తే షెడ్డంతా ఆవిరి, కింద నీళ్ళ మడుగు. ఏదో ఒక రోజు అంటుకుంటుంది. సాయంత్రం మా తమ్ముడొస్తున్నాడు. అప్పటికి బాగవకపోతే తీసుకెళ్ళి అమ్మేస్తాడు. ఐదు నెలల్లో నన్ను ఒక్కసారి ఎక్కించుకున్న పాపాన పోలేదు!"

"దారిలో ఆగిపోతే నీ డ్యూటీ ఏం కావాలనే కదా..." మాస్టారు నసిగాడు.

ఆవిడ మూతి తిప్పుకుని లోపలికెళ్ళింది. మాస్టారు కారు పైకప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కారు పోతుందంటే ఆయనకి నిజంగానే ఏడుపొస్తోంది.

మెకానిక్ ఇంజను స్టార్ట్ చేసి పని మొదలుపెట్టాడు. నిలబడితేనే వేడెక్కుతోందంటే అనుమానం ముందు ఫ్యాను మీదికే పోతుంది. కారు పరుగెడుతుంటే ఎదురుగాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది. ఆగితే ఆ పని ఫ్యానుదే. కానీ వేడి అందగానే ఫ్యాను రయ్యిమని తిరిగింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. పైపు పట్టుకుని చూస్తే నీళ్ళు బాగానే తిరుగుతున్నాయి. ముల్లు సగం దగ్గర బుద్ధిగా కూర్చుంది. ముప్పావు గంటయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

"మాస్టారూ, లోపల కూర్చుని ఎక్సలేటర్ కాస్త తొక్కండి."

మాస్టారు కూర్చున్నాడు. ఇంజను చప్పుడు మారలేదు.

"తొక్కారా?"

"గట్టిగానే తొక్కాను."

మెకానిక్ వెళ్ళి తనే తొక్కి చూశాడు. ఇంజను గర్జించింది. అతను బుర్ర గోక్కున్నాడు. ఒక రోగం దొరక్క చస్తుంటే ఇదొకటా!

"టైర్ల సందుల్లో ఒక్క రాయి కూడా ఇరుక్కోలేదే. జాగ్రత్తగా నడుపుతారన్నమాట."

"చాలా జాగ్రత్తగా" అన్నాడు మాస్టారు.

రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూద్దామని మెకానిక్ తాళాలివ్వబోతే, "మీరే నడపండి, నేను ముల్లు చూస్తుంటాను" అని పక్క సీట్లో కూర్చున్నాడు మాస్టారు. కానీ ముల్లు వైపు ఒక్కసారీ చూడలేదు. సీటు అంచు పట్టుకుని, కళ్ళు విప్పార్చుకుని రోడ్డునే చూశాడు. పాపం కారు పోతుందని బెంగ, అనుకున్నాడు మెకానిక్. తిరిగొచ్చాక కూడా ముల్లు సగం దాటలేదు.

పన్నెండేళ్ళ అనుభవం ఎందుకూ కొరగాకుండా పోయిందని మెకానిక్‌కి తల తిరిగిపోయింది. స్టూలు మీది కవరు తీసి మాస్టారి చేతిలో పెట్టాడు.

"నేనిక్కడ లేననుకోండి. కారుకి కవరు వేసి, అక్కణ్ణుంచి రోజూ మీరేం చేస్తారో అదే చెయ్యండి. ఒక్కటీ వదలొద్దు."

మాస్టారు వంటింటి వైపు ఓసారి చూశాడు. కారు మొత్తం కవరు తొడిగాడు. తర్వాత దాన్ని వెనకనుంచి ముందుకి పొందిగ్గా చుట్టుకుంటూ వచ్చి, డ్రైవర్ తలుపు తెరవడానికి సరిపడా జరిపి ఆపాడు. లోపల దూరి తాళం తిప్పాడు. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, తృప్తిగా కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలకి ముల్లు పైకి పాకడం మొదలెట్టింది. మెకానిక్ ముందుకి పరుగెత్తాడు. ఫ్యాను గాలి కోసం గుంజుతుంటే, కవరు రేడియేటర్ జాలీకి అతుక్కుపోయి ఉంది.

"దొరికింది! కారుకి ముక్కు మూసేసి ఊపిరి పీల్చమంటున్నారు మాస్టారూ!" అంటూ కవరు లాగేశాడు. కాసేపటికి ముల్లు దిగివచ్చింది.

"అంటే అమ్మక్కర్లేదా?" మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కారు గుండ్రాయిలా ఉంటే అమ్మడమెందుకు!"

"బాగయిందా?" లోపల్నుంచి ఆవిడ కేకేసింది. "అయితే ఉండండి, చెప్పులేసుకుని వస్తున్నా. ఇవాళ నన్ను డ్యూటీ దగ్గర మీరే దింపుతున్నారు!"

మాస్టారి మొహం పాలిపోయింది. మెకానిక్ కవరు మడతపెడుతూ ఆగి, దాన్నీ ముందద్దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"అది సరే గానీ మాస్టారూ, అద్దం మీద ఇది కప్పి ఉంటే మీకు రోజూ రోడ్డెలా కనిపిస్తోంది?"

మాస్టారు వంటింటి వైపు చూసి, అతని చెవి దగ్గరికి వంగాడు.

"నాకు డ్రైవింగ్ రాదు బాబూ."