అమ్మడానికి కాదు

"లేవండి, లేవండి! అది స్టూలు కాదు!"

హేమచంద్ర అరుపుకి ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

వయసు మళ్ళిన మనిషి. నలిగిన నేతచీర, కొంగు చివర ముడి. కాలేజీ షెడ్డులోకి ఎప్పుడొచ్చిందో హేమచంద్రా నీరజా చూసుకోలేదు.

"కాళ్ళు లాగేసినాయి బాబూ. పెట్టె గట్టిదేనే," అంది ఆవిడ, మూత మీద చెయ్యేసి.

నీరజ గబగబా వచ్చి మూత తుడిచింది. ఉన్నది ఆ ఒక్క పెట్టే. బయట ప్లాస్టిక్కు, లోపల కొబ్బరిపీచు. తెల్లవారుజామున పట్టిన చేప బరంపురం చేరేదాకా మెత్తబడకుండా ఉండాలని ఇద్దరూ కలిసి చేసిన పెట్టె. పొడంపేటలో చేపలబుట్ట మోసే తన తల్లి తలమీదికి అది ఎక్కాలని నీరజ ఆశ.

ఎక్కుతుందో లేదో రేపటితో తేలిపోతుంది.

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలకి వ్యాపారం పాఠం చెప్పే భీమేశ్వరరావుగారు ఒకటే మాట అన్నారు.

"శనివారం సాయంత్రంలోగా నిజంగా కొనేవాళ్ళ ఆర్డరు తీసుకురండి. తేలేకపోతే ఈ షెడ్డూ, అచ్చుపోసే మిషనూ రవికాంత్ జట్టుకి ఇచ్చేస్తాను."

తీరం మీది చేపల సొసైటీ ఒకటి ఆసక్తి చూపించింది. మా ప్రెసిడెంటు ఈ వారంలోనే వచ్చి చూస్తారని కబురు పెట్టింది. ఏ రోజో చెప్పలేదు.

అందుకే ఆ ప్రెసిడెంటు ముందు ఎలా మాట్లాడాలో పొద్దున్నుంచీ వల్లె వేస్తున్నారు.

"గుడ్ మార్నింగ్ సర్. మా పెట్టె..." నీరజ మొదలుపెట్టింది.

"మళ్ళీ గోడకి చెప్తున్నావు. ప్రెసిడెంటు గోడలోంచి రాడే తల్లీ, కార్లోంచి దిగుతాడు. ఇటు చూడు!"

ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"దీన్నెవులు సేసినారమ్మీ?"

"మేమే పిన్నీ."

"నీదేవూరు?"

"పొడంపేట."

ఆవిడ మొహం విప్పారింది. "అదే అనుకున్నాను. నానేటంటేనమ్మా..."

"నీరజా! ఆయనొచ్చేస్తే ఏం చేస్తావు? రా!" అని కేకేశాడు హేమచంద్ర.

ఆవిడ చెప్పబోయిన మాట మింగేసి, "దీన్ని అమ్ముతారా?" అంది.

నీరజ తటపటాయించింది. ఇచ్చెయ్యాలనే ఉంది. ఇచ్చేస్తే ఆ వచ్చే పెద్దమనిషికి చూపించడానికేం మిగులుతుంది?

"అమ్మడానికి కాదు పిన్నీ. సూపించడానికి."

"సూపించడానికా? ఎవులికి?"

"పెద్దోల్లొస్తారు. ఆల్లకి."

"అమ్మనిదానికి ఇంత కట్టమేటికే అమ్మీ?"

హేమచంద్ర పక్కున నవ్వాడు. "అమ్మా, ఇది కాలేజీ. చేపల బజారుకైతే గేటు దాటాక ఆటో ఎక్కాలి."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కొంగు సవరించుకుని వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం దాటినా షెడ్డు ముందు ఏ కారూ ఆగలేదు.

రవికాంత్ జట్టు అప్పుడే టేపు పట్టుకుని గోడలు కొలుస్తోంది. "ఈ మూల మా బల్ల పడుతుందిరా," అనుకుంటున్నారు పైకి వినబడేలా.

నీరజ ఆఫీసుకి పరుగెత్తింది. ఒడియా గుమాస్తా పూర్ణచంద్ర నోటి నిండా పాన్ పెట్టుకుని ఫైళ్ళు సర్దుతున్నాడు.

"సొసైటీ ప్రెసిడెంటు గురించి ఏమైనా తెలిసిందా భాయినా?"

"ప్రెసిడెంటా? కాలి..."

తర్వాతి మాట పాన్‌లో కలిసిపోయింది. ఇంతలో లోపల గంట మోగింది. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

నీరజ షెడ్డుకి ఒక్క ఉరుకులో వచ్చి పడింది. "కాలి అన్నారు హేమా!"

"కాలి అంటే రేపు! హమ్మయ్య, వస్తున్నాడు! పద, సార్ని అడుగుదాం."

భీమేశ్వరరావుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"మీరు రేపంటే నేను నమ్మను. ఫోన్ చెయ్యండి. రేపొస్తామని వాళ్ళ నోటితో అంటే ఒక్కరోజు ఆగుతాను."

స్పీకర్ పెట్టమన్నారు. గుమ్మం దగ్గర రవికాంత్ చెవులు రిక్కించాడు. ఎప్పుడూ వెనక నిలబడే నీరజ, ఆ పూట ముందుకొచ్చి తనే మాట్లాడింది.

"నమస్తే అండీ. పెట్టె గురించి ఫోన్ చేస్తున్నాను. మీ ప్రెసిడెంటుగారు రేపు వస్తారటగా?"

అవతల ఎవరో ఆడమనిషి.

"రేపేటమ్మా? నిన్నే వచ్చింది గదా. మీ ఆఫీసులో అడిగే లోపలికెల్లిందంట."

పాన్‌లో కలిసిపోయిన ఆ మాటేమిటో నీరజకి అప్పుడు తట్టింది.

ఒడియాలో రేపన్నా 'కాలి', నిన్నన్నా 'కాలి'. వెనక వచ్చే మాటని బట్టి అది ఏ రోజో తేల్చుకోవడం బరంపురంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కావలసిన రోజునే ఏరుకుని, మిగతాది వినకుండా పరుగెత్తుకొచ్చింది తను.

"వచ్చింది... అంటే, ఆవిడా?"

"మరెవులు? మా ఈశ్వరమ్మప్పే. అమ్మడానికి కాదన్నారంట గదా. ఏం సేస్తాది, పొద్దున్న ఇసాపట్నం కంపెనీ పెట్టెలకే సంతకం పెట్టేసినాది."

హేమచంద్ర కుర్చీ కోసం తడుముకున్నాడు.

అవతలి మనిషి నిట్టూర్చింది.

"పొడంపేట పిల్ల సేస్తందంట, కొంటే దాని కాడే కొనాలని, ఆ కంపెనీవోల్లని గుమ్మంలోనే ఆపి ఇన్నాల్లూ మా అందరితోటీ తగువాడినాదమ్మా మా పెసిడెంటు."