కంచరగాడిదకి పిల్లలు

ఒరేయ్ అల్లుడూ, ఆ టీ గ్లాసు కింద పెట్టు. నవ్వితే ముక్కులోంచి వస్తది. నువ్వు మహా తెలివిగలోడివేలే. మా దుర్ముష్ కూడా తన గురించి అలాగే అనుకున్నాడు.

ఇస్పార్తా కొండల మీద మా ఊరంతా లావెండరే. కొమ్మ తుంచి నేలలో గుచ్చడమే గానీ గింజ జోలికి ఎవడూ పోడు. మా లావెండర్ కంచరగాడిద లాంటిది, రెండు జాతులు కలిస్తే పుట్టింది. విరగబూస్తది, గింజ మాత్రం మొలవదు.

చలికాలం ముందు ఊళ్ళోకి ఒకామె అద్దెకి దిగింది. పేరు నెసిబే. తల ముగ్గుబుట్ట. తిన్నగా దుర్ముష్ గుమ్మంలోకే వచ్చింది.

"తమ్ముడూ, ఇంట్లో లావెండర్ మొలకెత్తిద్దామని. కాసిని గింజలిస్తావా?"

దుర్ముష్‌కి పండగే. "పొలానికెళ్ళి మేలైనవి తెస్తానక్కా!"

"అంత దూరమెందుకు? కోళ్ళగూడు పక్కన ఆ పొట్టి పొదవి చాల్లే."

తల్లే గిడసబారింది, ఇక పిల్లలా అనుకుంటూ గుప్పెడు దులిపిచ్చాడు.

"ఫ్రిజ్జులో పెరుగు గిన్నె పక్కన పెట్టు. మంచు కరిగేదాకా తియ్యకు," అని వెక్కిరింతగా సలహా కూడా ఇచ్చాడు.

"చలెయ్యదా వాటికి?" అందామె.

"స్వెట్టర్లల్లి తొడుగు!"

ఎదురుగా ఉన్న టీ కొట్టు నవ్వులతో కూలిపోయింది.

"మొలిస్తే?" అందామె.

"నడిబజార్లో ఈ మీసం గొరిగించుకుంటా!"

చలికాలమంతా ఒకటే ఆట. "అక్కా, పురుడెప్పుడు?"

"నెలలు నిండాలిగా తమ్ముడూ."

ఈలోగా కోళ్ళగూడు పెద్దది చేద్దామని దుర్ముష్ ఆ పొద పీకి పొయ్యిలో పెట్టేశాడు.

మంచు కరిగింది. నెల తిరిగేసరికి నెసిబే పళ్ళెంతో దిగింది. నలభై మొలకలు!

"సంతలో కొన్నావ్!" అరిచాడు దుర్ముష్.

"ఆకు కొసలు చూడు. నువ్విచ్చిన గింజల పొట్టు ఇంకా ఊడలేదు."

ఊరంతా చప్పట్లు. మా ఊరి మంగలి, ముసలి హుల్కి, కత్తి పట్టుకుని వచ్చాడు. సగం మీసం రాలింది.

"కంచరగాడిదకి పిల్లలెలా పుట్టాయి తాతా?"

"ఆ పొద కంచరగాడిద కాదురా, అసలు జాతి. చలి తగిలితేనే దాని గింజ మొలుస్తది. దాని నూనె చుక్కకి నీ పొలమంతా సాటిరాదు."

"అయ్యో, కాల్చేశానే! ఇంకెక్కడుంది?"

"ఆ పళ్ళెంలో."

మిగతా సగం కూడా రాలింది.

"ఊరికి కొత్త మనిషి, ఈమెకెలా తెలిసింది?"

హుల్కి తీరిగ్గా కత్తి తుడుచుకున్నాడు.

"కొత్తేంటిరా? నువ్వు కొనకముందు నీ ఇంట్లో ఉండి, ఆ పొద నాటిందే ఈమె."