కమిషన్ లేని టేబుల్

“‘ఆయన ఇలా అంటున్నారు’ అని చెప్పకండి. ఆయన ఎలా అంటే మీరూ అలాగే చెప్పండి. ‘నేను’ అనే అనండి,” అంది కౌన్సెలర్ హెలెన్ మెత్తగా.

దీక్షిత్‌కి తల కొట్టేసినట్టయింది. బ్లాక్‌టౌన్‌లో జూదం మాన్పించే కౌన్సెలింగ్ గదిలో మామగారి పక్కన కూర్చోవడమే ఎక్కువైతే, ఇప్పుడు ఆయన పాపాలన్నీ ఇంగ్లీషులో ‘నేను, నేను’ అంటూ తన నోటితో ఒప్పుకోవాలట. వచ్చేటప్పుడే కారు రెండు వీధుల అవతల పెట్టాడు. మెట్ల దగ్గర ఎవరో తెలుగులో ఫోన్ మాట్లాడుతూ ఎదురొస్తే, ముఖం తుడుచుకుంటున్నట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మనవాళ్లలో ఒక్కరు చూస్తే చాలు, కబురు పెండిల్ హిల్ కిరాణా కొట్లదాకా పాకిపోతుంది.

కోటేశ్వరరావు గారు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసి, అది కొడుక్కి అప్పగించి, కూతురు స్పందన దగ్గర కొన్నాళ్లు ఉందామని భార్యతో సిడ్నీ వచ్చిన మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ అల్లుణ్ణి ‘మీరు’ అనే పిలుస్తారు. పల్లెత్తు మాట అనరు. టీవీలో వార్తలు పెట్టమనడానికి కూడా మొహమాటపడతారు.

అలాంటాయన మొన్న పెరట్లో బట్టలు ఆరేస్తున్న దీక్షిత్ పక్కకొచ్చి, చెడ్డ అలవాటు ఒకటి పట్టుకుందని, క్యాసినో అని, మాన్పించే చోటు ఉందట తీసుకెళ్లమని అడిగారు. క్యాసినో అన్న మాటకి దీక్షిత్ గుండె ఆగినంత పనైంది. తేరుకుని, తెలుగు దుబాసీని ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుందని, తను ఎందుకని తప్పించుకోబోయాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. పరాయివాళ్ల ముందు పరువు తీసుకోలేనన్నారు. “మీరైతే మా ఇంటి మనిషి. అమ్మాయికి మాత్రం తెలియనివ్వొద్దు బాబూ,” అన్నారు. ఇక కాదనడానికి నోరు రాలేదు.

హెలెన్ ఆట పేరు అడిగింది. బాకరా అన్నారు మామగారు. పేకముక్కలు రెండు చేతులకి పంచుతారట, ప్లేయరనీ బ్యాంకరనీ. ఏది గెలుస్తుందో చూసి కాయడమేనట. అక్కడితో ఊరుకోకుండా అల్లుడి వైపు తిరిగారు.

“బ్యాంకర్ గెలిస్తే నూటికి ఐదు కోసుకునే టేబుల్ ఒకటి, అసలు కమిషనే లేని టేబుల్ ఒకటి ఉంటాయి బాబూ. రెండోదే నయం కదా? మా యార్డులో కమిషన్ లేకపోతే రైతుకి మిగులే.”

దీక్షిత్ ఉండబట్టలేకపోయాడు. “అక్కడే పొరబడుతున్నారు మామయ్య గారూ. బ్యాంకర్ చెయ్యి కాస్త ఎక్కువసార్లు గెలుస్తుంది, అందుకే ఆ ఐదు శాతం. అది పోయాక కూడా, బ్యాంకర్ మీద కాసిన ప్రతి వంద డాలర్లకీ సగటున డాలరూ ఆరు సెంట్లే హౌస్‌కి, అంటే క్యాసినోకి, పోతుంది. కమిషన్ లేని టేబుల్లో బ్యాంకర్ ఆరు పాయింట్లతో గెలిస్తే సగమే ఇస్తారు. ఆ ఒక్క మెలికతో హౌస్ వాటా దాదాపు ఒకటిన్నర డాలర్ అవుతుంది. లేదన్న కమిషన్ అలా లాగేస్తారు.”

“అయితే కమిషన్ టేబుల్ దగ్గర కూర్చుంటే గట్టెక్కొచ్చా?”

“లేదండీ. అక్కడ కాస్త మెల్లిగా పోతుంది, అంతే.”

ఏం చెప్పారని హెలెన్ అడిగితే అదే పాఠం ఇంగ్లీషులో ఒప్పజెప్పాడు. బాగా తెలుసే అంది ఆవిడ. బ్యాంకులో రిస్క్ విభాగంలో పని, శాతాలతోనే బతుకు అని నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. చెవులు వేడెక్కాయి.

ఇంత లెక్క తెలిశాక మానడం తేలికవుతుందా అని ఆవిడ తర్వాతి ప్రశ్న. మామగారు తల అడ్డంగా ఊపారు. లెక్క తెలిసినంత మాత్రాన కాళ్లు ఆగవన్నారు. ఇంట్లో ఎవరికి అబద్ధం చెబుతున్నారంటే, స్పందనకి అన్నారు. ఏమని అంటే, పని ఉందని అన్నారు.

‘నేను స్పందనకి పని ఉందని అబద్ధం చెబుతున్నాను’ అని ఇంగ్లీషులో అనబోయి దీక్షిత్ సగంలో ఆగిపోయాడు. హెలెన్ మంచినీళ్ల గ్లాసు అతని ముందుకే జరిపింది. ఈ వయసులో ఈయనకి ఇదేం బుద్ధి, నన్ను ఇలా ఎందుకు కూర్చోబెట్టాడని మామగారిని లోలోపల తిట్టుకున్నాడు. తిట్టుకున్నందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు. నీళ్లు తాగి, ఆగిన వాక్యం పూర్తిచేశాడు.

మానాలని నిజంగా ఉందా అని అడిగింది హెలెన్.

“ఉండాలమ్మా,” అన్నారు కోటేశ్వరరావు గారు. “ఆ పిల్ల నమ్ముకుని ఉంది. తనకి తెలిసేలోగా ఆగిపోవాలి.”

ఆయన కళ్లు తడిశాయి. ఆ మాటలు ఇంగ్లీషులోకి మార్చేటప్పటికి దీక్షిత్ కళ్లూ తడిశాయి. బతుకులో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదతను. గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది. పెద్దాయన చెయ్యి అతని మోచేతి మీద పడింది, ఓదార్చుతున్నట్టుగా.

ఒక దారి ఉందని చెప్పింది హెలెన్. మనిషి తనంతట తాను ఒప్పుకుంటే క్యాసినోవాళ్లు ఇక లోపలికి రానివ్వరట. మొదటిసారి వచ్చినవాళ్లని పేరు అడగం గాని, దీనికి మాత్రం పేరు కావాలంది. దీక్షిత్ తెలుగులో చెప్పాడు. అదే మంచిదమ్మా అన్నారు మామగారు.

ఎవరిని రానివ్వకూడదో పేరు చెప్పమంది హెలెన్. ఈసారి ఆయన అల్లుడు తెలుగులో చెప్పేదాకా ఆగలేదు.

“మా దీక్షిత్ బాబు,” అన్నారు, అల్లుడి ముఖం చూడకుండా.